తిమ్మమ్మ చేసిన పరిచర్య

అనంతపుర సీమకు క్షామము క్రొత్త కాదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రపు వాయుగుండములు ఇంతదూరము వచ్చుసరికి బలముడుగును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఈ మెట్టనేలకు దక్కుచున్నది. అట్టి నేలలో, కదిరికి పాతిక కిలోమీటర్లకు పైబడిన దూరమున, నంబులపూలకుంట మండలమందలి గూటిబయలు గ్రామముకడ ఒక మఱ్ఱి కలదు. చెట్టు ఒక్కటియే, చూచువారికి మాత్రము తోపువలె కనబడును. వేయికి మించిన ఊడలు నేలకు దిగి స్తంభములై నిలిచినవి. దాని నీడ అయిదెకరముల మేర పఱచుకొని యున్నది. ప్రపంచమున మిక్కిలి విశాలమైన మఱ్ఱిగా 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 2022 ఏప్రిల్ నెలలో ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను జనుల నోట నిది యింకను అనంతపురము సీమయే.

ఆ చెట్టుక్రింద చిన్నగుడిలో పూజలందుకొను తల్లి తిమ్మమ్మ. తిమ్మ శబ్దము తిరుమల శబ్దమునకు వాడుకలోని రూపమని పెద్దలందురు. తిమ్మప్ప యనగా తిరుమలప్పయే. శివరాత్రినాడు అచట జాతర జరుగును గాని, కదిరి నరసింహుని సేవించి వచ్చు వైష్ణవ కుటుంబములును ఆ నీడకు పోయి మ్రొక్కుట కలదు. సంతానము లేనివారు అచట మ్రొక్కినచో ఫలించునని విశ్వాసము.

జనశ్రుతి చెప్పు కథ యిది. తిమ్మమ్మ 1394లో జన్మించెను. ఆమె భర్త బాలవీరయ్య. ఆతనికి కుష్ఠువ్యాధి సోకెను. తిమ్మమ్మ ఆతనిని విడువక కడవఱకును పరిచర్య చేసెను. 1434లో ఆతడు గతింపగా ఆమె చితిలో ప్రవేశించెననియు, చితికి నాటిన గుంజలలో ఈశాన్యపు గుంజ చిగిర్చి ఈ మహావృక్షమైనదనియు చెప్పుదురు.

ఈ కథ చెప్పువారు చితివద్దకు వడివడిగా పోవుదురు. మంటను, చిగిర్చిన గుంజను వర్ణింతురు. ఆమె భర్తకు చాకిరి చేసిన కాలమును గూర్చి ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. నిజమునకు ఆమె జీవితమంతయు ఆ ఒక్క వాక్యములోనే యున్నది.

ఆ వాక్యమును విప్పి చూతము. కుష్ఠు ముదిరినచో వ్రేళ్ళకు స్పర్శ తెలియదు. స్పర్శ లేనివాడు నిప్పును ముట్టినను ముల్లు త్రొక్కినను ఎఱుగడు. పుండు పడిన తరువాత చూచుకొనును. కాబట్టి రోగి పాదములను దినదినమును మఱొకరు పరీక్షింపవలయును. పుండ్లు కడుగవలయును, గుడ్డ మార్చవలయును, మాసిన గుడ్డలను కాచిన నీట వేయవలయును. వ్రేళ్ళు ముడుచుకొనిపోయిన వానికి ముద్ద కలిపి పెట్టవలయును. కడివెడు నీటికి చాలదూరము నడువవలసిన సీమలో ఇంత నీరు ఆ యిల్లాలు ఎట్లు తెచ్చుకొన్నదో యోచింపుడు. ఊరివారు దూరముగా తొలగుట, చుట్టములు రాకపోవుట వేఱే బాధ. రోగము శరీరమునే గాక స్వభావమును గూడ కొఱుకును; నొప్పిలో నున్నవాడు సేవచేయువారినే కసరుట ప్రతి గృహస్థునకును తెలిసినదే.

మార్కండేయ పురాణములో కౌశికుడను కుష్ఠురోగి కథ కలదు. ఆతని యిల్లాలిని తెలుగునాట సుమతి యని పిలుచుకొందురు. ఆమె సూర్యోదయము నాపిన ఘట్టమే లోకమునకు తెలియును. దానికి ముందు పురాణకర్త, ఆమె భర్త కాళ్ళుపట్టుటను, స్నానము చేయించుటను, ఆతని శ్లేష్మమలమూత్రములను, నెత్తుటిని కడుగుటను సిగ్గుపడక పేర్కొన్నాడు. ఆతడు కోపిష్ఠి యనియు, ఆమెను గద్దించుచుండెననియు గూడ దాచలేదు. రోగి ప్రక్కన ఒకరాత్రియైనను మేల్కొన్న వారెవరికైనను ఆ వర్ణన సత్యమని తోచును.

చరకాచార్యుడు సూత్రస్థానము తొమ్మిదవ యధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములను చెప్పెను: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా దగ్గఱనుండి సేవచేయువాడు. నేటి మాటలో నర్సు. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము అని యాతనికి నాలుగు గుణములు. అనురాగము ఇచట అలంకారముగా చేర్చిన గుణము కాదు. మిగిలిన మూటితో సమానముగా లెక్కింపబడినది. స్త్రీయే చేయవలయునను నియమమును ఆచార్యుడు పెట్టలేదు. ఈ మాట మన యిండ్లలో వినవలసినవారు కొందఱున్నారు. మామగారు మంచమెక్కినంతనే సేవయంతయు కోడలిదని నిశ్చయించి, కొడుకులు వీథి యరుగున కూర్చుండుట ఏ శాస్త్రము చెప్పినది?

చరకుడే మఱొకచోట కుష్ఠమును హరించు ద్రవ్యములలో ఖదిరము శ్రేష్ఠమనెను. ఖదిరమనగా చండ్ర, కదిరి క్షేత్రమునకు ఆ పేరు ఆ వృక్షము మూలముననే వచ్చినదని, స్వామి దాని మూలమున వెలసెనని స్థలపురాణము. పుండ్లు కడుగుటకు వాడు పంచవల్కలములలో మఱ్ఱిపట్ట ఒకటి. తిమ్మమ్మ ఏ మందు వాడెనో ఎవరును చెప్పలేరు గాని, ఈ రెండు చెట్ల పట్టలు ఆ నాటి యిల్లాలి చేతికి అందనివి కావు. నేడు వానితో సరిపుచ్చుకొనరాదు. 1873లో హాన్సెన్ ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1982 నుండి వచ్చిన బహుళౌషధ చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమగుచున్నది; ప్రభుత్వాసుపత్రులలో ఆ మందులు ఉచితము. మచ్చపై స్పర్శ తెలియనిచో వెంటనే చూపించుకొనవలయును.

ఇక చితిమాట. దానిని తప్పించుకొని పోరాదు. 1987 నాటి చట్టము సతిని మాత్రమే గాక దానిని కీర్తించుటను సైతము నిషేధించినది. చట్టమునకు ఎంతో ముందే మనవారును అట్లే చెప్పిరి. ఏడవ శతాబ్దిలో బాణభట్టు కాదంబరిలో అనుమరణము మిక్కిలి నిష్ఫలమైన కార్యమని చంద్రాపీడుని నోట పలికించెను. మనుస్మృతికి వ్యాఖ్య వ్రాసిన మేధాతిథి దానిని ఒప్పుకొనలేదు. దశరథుడు గతించినపుడు కౌసల్యాసుమిత్రలు జీవించియే యుండిరి. మాద్రి చితి నెక్కెను, కుంతి నిలిచెను. నకులసహదేవులకు అన్నము పెట్టి పెంచినది నిలిచిన ఆ తల్లియే. తిమ్మమ్మ యెడ భక్తి కలవారు తలచుకొనవలసినది ఆమె చేతులను, నిప్పును కాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయములో మాఱనేరినంబి వృత్తాంతము సుప్రసిద్ధము. గురువైన యామునాచార్యుల వ్యాధిని ప్రసాదముగా కోరి తాను భరించిన మహనీయుడాయన. ఆతడు గతించినపుడు పెరియనంబి స్వయముగా అంత్యసంస్కారము జరిపెను. ఆక్షేపణ రాగా, జటాయువునకు సంస్కారము చేసిన రామునికంటె తాను గొప్పవాడనా యని ప్రశ్నించెనని గురుపరంపర చెప్పును. కైంకర్యమనగా పూలమాలలు కట్టుటయే కాదని ఆ యాచార్యుడు చేసి చూపెను.

హిందూ వివాహ చట్టము 1955లో ఏర్పడినపుడు, భర్తకు గాని భార్యకు గాని కుష్ఠు సోకుట విడాకులకు కారణముగా వ్రాయబడినది. ఆ నిబంధన 2019లో తొలగింపబడినది. పనులకై బెంగుళూరికి వలసపోయిన యువకుల యిండ్లలో, ఈ సీమ పల్లెలందు, నేడును ఒక ముసలమ్మ మంచముపై మఱొక ముసలివానిని ప్రక్కకు త్రిప్పుచు, వీపున పుండు పడకుండ చూచుకొనుచున్నది. గూటిబయలు పోవు యాత్రికులు త్రోవలో అట్టి గుమ్మము కనబడినపుడు ఒక పూట ఆమెను నిద్రపోనిచ్చి, ఆ మంచముకడ తాము కూర్చుండవచ్చును.