కోళ్ల నమోదు: దయ ఎవరిమీద, దండన ఎవరికి?

కోళ్లను పెంచేవారందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, అప్పుడే ఆ మూగజీవాలకు రక్షణ కలుగుతుంది అన్న వాదం పైకి చాలా సబబుగానే కనిపిస్తుంది. ఐతే దాని వెనక ఒక నైతిక ప్రశ్న వున్నది. నోరులేని ప్రాణి అనుభవించే బాధకు బాధ్యుడెవరు? దానికి మేత వేసేవాడా? దానిమీద లాభం గడించేవాడా? ఇది తేల్చుకోకుండా నమోదు పుస్తకాలు తెరిస్తే, దయ పేరిట మరొక అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం.

మన మిత్రులలో కొందరికి ఈ చర్చే వేళాకోళంగా తోస్తుంది. మనుషులకే కూడు కరువైన దేశంలో కోళ్ల సుఖదుఃఖాలెందుకని వారంటారు. ఆ మాటలో ఆవేదన వున్నది గాని తర్కం లేదు. దయ రేషను బియ్యం కాదు, ఒకరికి కొలిస్తే మరొకరికి తగ్గిపోవడానికి. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర గ్రామం నేటి జనగామ జిల్లాలో వున్నది. మొసలి నోట చిక్కిన ఏనుగు ఆర్తికి అంతటి పలుకు ఇచ్చిన కవి అతడు. పశువు బాధ కూడా బాధేనని మన సాహిత్యానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. కాని ఏనుగు మొర వినడానికి దేవుడు వచ్చాడు. కోడి మొర వినవలసింది చట్టం.

ఆ చట్టం లేకపోలేదు. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టం 11వ సెక్షను, మెదలడానికి తగినంత చోటులేని పంజరంలో జంతువును బంధించడం నేరమని చెబుతున్నది. మొదటి తప్పుకు అది పెట్టిన జరిమానా పది రూపాయలు మొదలు యాభై రూపాయలవరకు. నేడు డజను గుడ్లకైనా ఆ డబ్బు చాలదు. గుడ్లు పెట్టే కోడికి తీగల పంజరంలో దక్కేది సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. మనం రాసుకునే ఎ-4 కాగితం 620 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే ఆ కోడి తన బ్రతుకంతా కాగితంకన్న చిన్న చోటులో గడుపుతున్నది. రెక్క చాచలేదు, మట్టి గీరలేదు. 2017 జూలైలో లా కమిషన్ తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ల, బ్రాయిలర్ల దుఃస్థితినే చర్చించింది. 2019లో కేంద్రం వెలువరించిన ముసాయిదా నిబంధనలు కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ప్రతిపాదించాయి. అదీ కాగితంకన్న తక్కువే! ఐరోపా యూనియన్ ఇటువంటి వట్టి పంజరాలను 2012 జనవరి 1 నుంచి నిషేధించింది.

ఈ క్రౌర్యం ఎక్కడ పుట్టింది? పెంపకందారు గుండె రాయి కావడంవల్ల పుట్టలేదు. మార్క్స్ ‘పెట్టుబడి’ రెండవ సంపుటంలో బేక్‌వెల్ అనే ఇంగ్లీషు పెంపకందారు ప్రసక్తి వున్నది. అంతకుముందు నాలుగైదేళ్లకు గాని కోతకు రాని గొర్రెను అతడు ఏడాదికే సిద్ధం చేశాడు. పెట్టుబడి త్వరగా తిరిగి రావాలంటే ప్రాణి ఎదిగే కాలాన్నే కుదించాలి. నేటి బ్రాయిలర్ సుమారు ఆరు వారాలకే అంగడికి వస్తున్నది. శరీరం పెరిగినంత వేగంగా కాళ్లు బలపడవు. ఆ కుంటితనం లాభపు లెక్కలోనుంచి వచ్చింది.

మరి ఆ లెక్క ఎవరిది? జనగామ హైదరాబాదు రహదారిమీద వున్నది, నగరపు అంగడి దానికి దగ్గర. ఇటువంటి చోట్ల బ్రాయిలర్ పెంపకం చాలావరకు ఒప్పందంమీద సాగుతుంది. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, నీళ్లు, కింద పరిచే ఊక, రాత్రింబవళ్లు కాపలా రైతువి. ఏ జాతి పిల్ల రావాలో, ఏ రోజు ఎత్తుకుపోవాలో కంపెనీ నిర్ణయిస్తుంది. రైతుకు దక్కేది కిలోకింత అని పెంపకం కూలి. జబ్బు సోకి పక్షులను చంపవలసి వస్తే, పక్షి విలువ ఒకరిది, ఖాళీ షెడ్డుమీద బ్యాంకు వాయిదా మరొకరిది. పేరుకు రైతు, నిజానికి తన సొంత షెడ్డులో తానే కూలి. నమోదు పుస్తకంలో ‘పెంపకందారు’ అని ఇతని పేరొక్కటే ఎక్కితే, తనిఖీ, జరిమానా ఇతనికే వస్తాయి. కోడి యజమాని అందులో కనిపించడు.

తెలంగాణలో పుస్తకమంటే భయం వూరికే పుట్టలేదు. ఒకనాడు పట్వారీ కలమే ఇక్కడ బ్రతుకులను రాసింది. పర్యటనకు వచ్చిన అధికారులకు కోళ్లు, నెయ్యి సమర్పించుకోవడం వెట్టిలో భాగం. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ జనగామ జిల్లాలోదే. ఆ పోరాటపు పాఠం ఒకటున్నది: పుస్తకం చెడ్డది కాదు, అందులో ఎవరి పేరు ఏ గడిలో వున్నదన్నదే ముఖ్యం. పహాణీలో పట్టాదారు గడి వేరుగా, అనుభవదారు గడి వేరుగా వుండేవి. దున్నేవాని పేరు ఆ రెండో గడిలో ఎక్కించడానికి రైతులెంత పెనుగులాడారో మనకు తెలుసు. కోళ్ల పుస్తకంలోనూ రెండు గడులుండాలి. ఒకటి సాకేవానిది, మరొకటి కోడి యజమానిది. ఇక్కడ పెనుగులాట తిరగబడింది: దాగి వున్న యజమాని పేరు బయటికి లాగాలి.

మహబూబాబాదు తండాలలో, భూపాలపల్లి అడవి పల్లెలలో సంగతి మరొకటి. అక్కడ నాలుగు కోళ్లంటే ఇల్లాలి చేతి డబ్బు. పగలు పెరడంతా తిరిగి, రాత్రికి గంపకిందికి చేరే ఆ కోడికి పంజరపు బాధ లేదు. దాని శత్రువు కొక్కెర తెగులు. ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి వున్నా నమోదు తప్పనిసరి చేశారు. దానికి ముఖ్యకారణం బర్డ్ ఫ్లూ. ఆ జబ్బు మనకూ దూరపు ముచ్చట కాదు, 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ దాకా వచ్చింది. కాబట్టి పెరటి కోడి లెక్క కూడా అవసరమే. కాని ఆ లెక్క టీకా తెచ్చే లెక్క కావాలి. రుసుము, అర్జీ, జరిమానా అయితే, ఆమె కోడిని గంపకింద దాచినట్టే జబ్బునూ దాస్తుంది.

కాబట్టి నమోదును మనం వ్యతిరేకించకూడదు, దాని స్వరూపంకోసం పోరాడాలి. హేచరీని, దాణా కంపెనీని, ఒప్పందపు యజమానిని ముందు నమోదు చెయ్యాలి. పంజరం కొలతకు, పెరుగుదల వేగానికి వారినే జవాబుదారులను చెయ్యాలి. పంజరం మార్చడానికయ్యే ఖర్చు రైతు నెత్తిన పడకూడదు. గుడ్డు ధర కొంత పెరగవచ్చు. ఆ భారం పేదవాని కంచంమీద, అంగన్‌వాడీ పిల్లల గుడ్డుమీద పడకుండా ప్రభుత్వం భరించాలి.

కోడి బాధ కోడిదే. మన రాజకీయాలకు వుపయోగపడినా పడకున్నా అది నిజం. రైతును కాపాడే పేరిట ఆ బాధను లేదనడం ఎంత తప్పో, కోడిని కాపాడే పేరిట రైతును దోషిగా నిలబెట్టడం అంత తప్పు. ఆ షెడ్డులో ఇద్దరూ ఒకే లెక్కకు లోబడి వున్నారు. ఆ లెక్క వేసేవాని పేరు రాయని పుస్తకంమీద సంతకం పెట్టమని ఏ రైతును అడిగే హక్కూ మనకు లేదు.