తేనెటీగ బంతాట

సంక్రాంతి వెళ్ళాక మునగపాకలో మా మావ బెల్లం వండుతుంటే చూడబోయాను. క్రషర్ పక్కన రసం తొట్టి చుట్టూ తేనెటీగలు ముసురుకున్నాయి. రెండు మూడు అందులోనే పడి కొట్టుకుంటున్నాయి.

"ఈటికీ మనసుంటాది మావా" అన్నాను.

"మనసా! తీపి వాసనకొచ్చాయి. క్రషర్లో చెరకు పెడితే రసం రాదేటి? ఇవీ అలాగే. లోపల ఎవరూ లేరు."

ఈ మాట కోసమే కాచుకున్నాను. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో లార్స్ చిట్కా బృందం 2022లో వెలువరించిన సంగతి చెప్పాను. 45 బంబుల్ ఈగలు, తేనెటీగలకి దగ్గరి చుట్టాలే. తిండికి వెళ్ళే దారికి అటూఇటూ చిన్న చిన్న చెక్క బంతులు. దారికేమీ అడ్డం లేదు, బంతి దొర్లిస్తే తీపి చుక్కా దక్కదు. అయినా పనిగట్టుకుని పక్కకెళ్ళి దొర్లించాయి. ఒకటైతే 117 సార్లు.

"తిండేమోనని ఎతుక్కున్నాయేమో."

"తిండి ఎదురుగానే ఉంది."

"పోనీ, కాళ్ళు సాగదీసుకోడానికి."

"నీ దూడ గెంతితే ఆటంటావు. ఈగ దొర్లిస్తే కాళ్ళంటావు. కొలత ఒకటే ఉండాలి కదా? దాని మెదడులో ఉజ్జాయింపుగా 10 లక్షల నాడీకణాలు, మనకి 8,600 కోట్లు. ఎక్కువ తక్కువలే. మనసు ఇక్కణ్ణుంచే మొదలని గీత ఎక్కడ గీస్తావు? కుక్క దగ్గరా, కాకి దగ్గరా?"

"ఆ లెక్కన చెరక్కీ ఉండాల."

"చెరకు సంగతి ఇప్పుడెందుకు!"

(మంచి ప్రశ్నే. అందుకే దాటేశాను. అసలు ఆ పరిశోధకులు తమ వ్యాసం పేరు చివర ప్రశ్నగుర్తు పెట్టారు. అదీ మావకి చెప్పలేదు.)

ఇంతలో పెనం పొంగింది. మావ తెట్టు తీసి పారబోస్తూ రంగు మీదికి వెళ్ళిపోయాడు. హైడ్రోస్ అనే రసాయనం వేస్తే బెల్లం పసుప్పచ్చగా మెరుస్తుందట, వేయకపోతే నల్లగా ఉంటుందట. "అనకాపల్లి మార్కెట్టుకి తీసుకెళ్ళు, మెరిసేదానికే రేటు. తినేది నోరు, కొనేది కన్ను." కూలీలు దొరకడం లేదని కాసేపు, చెరకు మానేసినవాళ్ళ మీద ఇంకాసేపు. నేను ఊఁ కొడుతూ మళ్ళీ ఈగల మీదికి లాక్కొచ్చాను.

"ఇంకోటి మావా. అందులో కుర్రవి ఎక్కువ దొర్లించాయి, ముదురువి తక్కువ. ఆడవాటికన్నా మగవి ఎక్కువ సేపు."

మావ తెడ్డు ఆపేశాడు. "ఈ ముక్క ముందే చెప్పొద్దేటి? కుర్రకుంకలూ మగాళ్ళూనా! అయితే ఆటే. ఒప్పుకున్నాను."

అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. 2018లో సున్నా అంటే ఏమిటో నేర్చిన తేనెటీగల కథ నా నాలుక చివరే ఉండిపోయింది.

"పాకం ముదిరిపోతంది, ఆ పక్క పట్టు" అన్నాడు మావ.