గంగలో పోటు

కలకత్తా నగరమునకు ఉత్తరమున, గంగాతీరమున, దక్షిణేశ్వర కాళికాలయము 1855వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడెను. సముద్రము అచ్చటికి నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నున్నను, దాని పోటు దినమునకు రెండుమార్లు ఆ రేవునకు వచ్చును. సాగరముఖమున విశాలమైన నది పైకి వచ్చుకొలది ఇరుకగును, లోతు తగ్గును. అందుచే పెద్దపోటు దినములలో నీరు గోడవలె లేచి ప్రవాహమునకు ఎదురు పరుగిడును. వంగీయులు దీనిని ‘బాన్’ అందురు.

ఒకప్పుడు దక్షిణేశ్వరమున ఈ ఆటుపోట్ల ప్రసంగము వచ్చెను. ఉపాధ్యాయుడగు మహేంద్రనాథ గుప్తుడు నేలపై భూమిని, సూర్యచంద్రులను గీసి, వాని కారణమును శ్రీరామకృష్ణులకు వివరింప యత్నించెను. ఆ లెక్కలు గురుదేవులకు తలనొప్పినే కలిగించెను. అయినను ఆ బొమ్మలో సాధకునకు పనికివచ్చు పాఠ మొకటి గలదు.

సూర్యుని ద్రవ్యరాశి చంద్రునిదానికి సుమారు 2.7 కోట్ల రెట్లు. భూమిని కక్ష్యలో నిలుపునది సూర్యాకర్షణమే. అయినను పోటును లేపుటలో సూర్యుని పాలు చంద్రుని పాలులో సగమునకు లోపే. కారణమేమి? ఆకర్షణ బలము మాత్రమే పోటును పుట్టింపదు. భూమియొక్క ఈవలి ఆవలి వైపులపై ఆ బలమునందు గల భేదము పుట్టించును. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరముననే యున్న చంద్రుడు తన కెదురుగానున్న నీటిని భూకేంద్రముకంటె ఎక్కువగను, ఆవలి నీటిని తక్కువగను లాగును. కావున రెండువైపులను నీరు ఉబ్బును. 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్న సూర్యుడు అన్నింటిని దాదాపు సమముగా లాగును.

హృదయమునందును ఇట్లే జరుగుచున్నది. ప్రాణమును నిలుపునది పరమేశ్వరశక్తియే. అది అంతటను సమముగా నుండుటచే జీవుడు దానిని గుర్తింపడు. పొరుగువాని పరుషవాక్యము, బిడ్డకు వచ్చిన జ్వరము, చేజారిన కొలది ధనము దగ్గరనుండునవి. మనస్సును ఎత్తి పడవేయునవి అవియే. అంతమాత్రమున తనకు భక్తి లేదని సాధకుడు కుందరాదు. అల కనబడనిచోట ఆకర్షణము లేదనుకొనుట పొరపాటు.

చంద్రుని తొలగింపను పనిలేదు. అష్టమినాడు సూర్యచంద్రులు వేర్వేరు దిక్కులకు లాగుటచే పోటు క్షీణించును. అమావాస్యా పూర్ణిమలయందు భూమితో కూడ ఒకే రేఖపై నిలుచుటచే పోటు ఉప్పొంగును. సంసారప్రేమ ఒకవైపునకును, ఈశ్వరచింతన మరొకవైపునకును లాగునంతకాలము హృదయమున అష్టమినాటి పోటే. బిడ్డకు చేయు సేవయు, ఉద్యోగమునందలి శ్రమయు ఈశ్వరార్పణమైన నాడు రెండును ఒకే రేఖకు వచ్చును.

1882లో మహేంద్రనాథుడు తొలిసారి దక్షిణేశ్వరమునకు వచ్చునప్పటికి ఇంటి కలతలచే క్రుంగియుండెను. గురుదేవులు ఆయనను సంసారము విడువుమని చెప్పలేదు. అందుండియే మనస్సును భగవంతునిపై నిలుపు మార్గమును చూపిరి. ఆయన 1932లో దేహము చాలించువరకు గృహస్థుడుగనే యుండి ‘కథామృతము’ను లోకమున కిచ్చెను. సాధకుడు చేయవలసినదియు ఇంతియే: ఉదయమున ఏ పనికి పూనుకొన్నను ముందుగా దానిని ఈశ్వరునకు సమర్పింపవలెను.