ఒక్కడి పాట, ఒక్కడి పాపం

పాట పాడినవాడు హంతకుడని తెలిశాక ఆ పాట వినొచ్చా? పాత ప్రశ్నే. కానీ పాటలో పాడినవాడూ వాయించినవాడూ ఒక్కడే అయినప్పుడు ఈ ప్రశ్న మరీ ఇరుకున పెడుతుంది.

1992 జనవరిలో నార్వేలోని బెర్గెన్ నగరంలో ఓ కుర్రాడు తన మొదటి ఆల్బం రికార్డు చేశాడు. పేరు వర్గ్ వికెర్నెస్. అప్పటికింకా పందొమ్మిదేళ్లు నిండలేదు. గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ తనవే. ‘బర్జమ్’ అని బృందం పేరు పెట్టుకున్నాడు గానీ ఆ బృందంలో ఉన్నది తానొక్కడే. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన నవల కోసం కల్పించిన ఒక భాషలో ఆ మాటకు చీకటి అని అర్థం. ఆల్బం పేరూ అదే. మార్చిలో బయటికొచ్చింది. ఈ రకం సంగీతాన్ని బ్లాక్ మెటల్ అంటారు. గిటార్ రంపంలా కోస్తుంది. గొంతు పాడదు, అరుస్తుంది. శబ్దాన్ని నునుపు చేయకుండా గరుగ్గానే వదిలేశారు. వినసొంపు కోసం చేసింది కాదు. అయినా ముప్పై ఏళ్లు దాటాక కూడా వినేవాళ్లున్నారు. లోకం మొత్తాన్ని కాదని గది తలుపు మూసుకున్న మనిషి గొంతు అందులో ఉంది. ఆ గొంతులో నటన లేదు.

తర్వాత అతను చర్చిలు తగలబెట్టాడు. 1993 ఆగస్టు 10న ఓస్లోలో ఓయ్‌స్టైన్ ఆర్సెత్ అనే తోటి సంగీతకారుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. 1994లో కోర్టు 21 ఏళ్ల శిక్ష వేసింది. 2009లో పెరోల్ మీద విడుదలై ఫ్రాన్స్ చేరాడు. 2014లో అక్కడి కోర్టు, తన రాతలతో యూదుల మీదా ముస్లింల మీదా ద్వేషం రెచ్చగొట్టాడని అతన్ని దోషిగా తేల్చింది. అంటే ఆ రాతల్లో నేనూ ఉన్నాను. మా అమ్మీ, అబ్బా ఉన్నారు. కాబట్టి ఇది నాకు ఊసుపోని చర్చ కాదు.

కళను కళాకారుడి నుంచి విడదీసి చూడండి అంటారు కొందరు మిత్రులు. ఎలా విడదీయాలి? నలుగురున్న బృందమైతే తప్పు చేసినవాణ్ణి పక్కన పెట్టి మిగతా ముగ్గురినీ వింటాం. ఇక్కడ పక్కన పెట్టాక మిగిలేదెవరు? అరుపు అతనిదే, దరువు అతనిదే.

అయితే పారేయండి అంటారు మరికొందరు. వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఆల్బంలో ‘వార్’ అనే పాటలో గిటార్ సోలో వాయించింది ఇంకొకరు. యూరోనిమస్ అనే పేరుతో వాయించిన ఆ మనిషే ఆర్సెత్. ఆల్బం విడుదల చేసిన కంపెనీ కూడా అతనిదే. ఏడాదిన్నర తిరక్కుండానే హతుడైన మనిషి వేళ్లు ఆ పాటలో ఇంకా కదులుతున్నాయి. ఆల్బం పారేస్తే చంపినవాడితో పాటు చచ్చినవాణ్ణీ పారేసినట్టే.

నా మట్టుకు నేను వింటాను. అతని జేబులోకి పైసా పోకుండా వింటాను. గొప్పవాడని పొగడను. వింటున్నంతసేపూ చచ్చినవాడి పేరు మరిచిపోను. హునర్ గునాను కడగదు. గునా హునర్‌ను లేకుండా చేయదు. రెండిటి లెక్కా పక్కపక్కనే రాసి పెట్టుకోవాలి. అది కష్టం. కానీ న్యాయం ఎప్పుడు తేలిగ్గా ఉంది గనక!

అసలు సంగతి ఇంకొకటుంది. వికెర్నెస్ చేసిన హత్యకు నార్వేవాళ్లంతా సిగ్గుపడాలని ఎవరైనా అడగ్గా నేను వినలేదు. అడక్కపోవడమే సబబు. ఉప్పు తిన్నవాడే నీళ్లు తాగాలి. మరి మన పేరున్నవాడు ఎక్కడో ఉప్పు తింటే మన బస్తీ మొత్తం ఎందుకు నీళ్లు తాగాలి? ఖండించారా లేదా అని కిరాణా కొట్టు సాయిబును కూడా ఎందుకు అడుగుతారు? నేరం చేశాక కూడా ఒక్కడిగా మిగలగలగడం కొందరికి దక్కిన హక్కు. ఏ నేరమూ చేయకపోయినా ఒక్కడిగా మిగల్లేకపోవడం మనకు దక్కిన బతుకు. హంతకుడి పాటను హంతకుడి నుంచి విడదీయగలిగినవాళ్లు, ఒక మనిషిని అతని పేరున్న ఇంకో మనిషి నుంచి విడదీయలేరా?

ఈ మాట వాళ్లనే కాదు, మననీ అడుక్కోవాలి. కోట్లమందిని ఒక్క మూటగా కట్టి ద్వేషించడమే వికెర్నెస్ రాతల్లోని తప్పు. అతని మీద కోపంతో మెటల్ వినే ప్రతి కుర్రాణ్ణీ, ప్రతి తెల్లవాణ్ణీ మనం మూట కడితే మన చేతిలో ఉన్నదీ అతని తక్కెడే అవుతుంది. అతన్ని ఒక్కడిగానే నిలబెట్టి లెక్క అడుగుదాం. మన గురించి ఇతరులు ఎలా లెక్క చూడాలని కోరుతున్నామో, మనల్ని ద్వేషించేవాడి విషయంలోనూ అలాగే చూడాలి.