ఆయుధమా? అభయమా?

ఆయుధము చేతబట్టినవాడు ఎదుట నిలిచినప్పుడు సామాన్యుడు తలవంచును. ఆ తలవంపు అంగీకారము కాదు, గౌరవము కాదు, ప్రాణభీతి మాత్రమే. భయముచేత పలికిన మాటకు సత్యమని పేరు పెట్టవచ్చునా? న్యాయము కొరకే ఆయుధము పట్టితినని చెప్పువానికి ఈ ప్రశ్న తప్పదు. శాంతిరక్షణకై ఆయుధము ధరించు ప్రభుత్వమునకును తప్పదు.

ఆయుధము పౌరుని హక్కా, ప్రభుత్వమిచ్చు అనుమతియా అను వివాదము ఈ దేశమున క్రొత్తది కాదు. 1878 నాటి ఆయుధ చట్టముచే ఆంగ్ల ప్రభుత్వము, లైసెన్సు లేనిదే భారతీయులు తుపాకి కలిగియుండరాదని శాసించెను. దేశనాయకులు దానిని జాతికి అవమానముగా తలచిరి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు కూడ చేరెను. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను. సభ అంగీకరింపలేదు. తుదకు 19వ అధికరణము పౌరులకు ఇచ్చినది శాంతియుతముగా, ఆయుధములు లేకుండ సమావేశమగు హక్కు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద తుపాకికి లైసెన్సు తప్పనిసరి. 2019 నాటి సవరణచే, సాధారణముగా ఒక వ్యక్తికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. పరాధీనతలో ఆయుధమును కోరిన జాతి స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మాటను ఎన్నుకొన్నదన్నమాట.

అయితే చట్టము వ్రాసినంత మాత్రమున ఆయుధము అణగునా? మార్కాపురము, గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెము ప్రాంతముల వారికి ఈ ప్రశ్నకు సమాధానము అనుభవపూర్వకముగా తెలియును. శ్రీశైల మల్లికార్జునుని దర్శింప యాత్రికులు నడచిన నల్లమల దారులందే దశాబ్దముల కాలము తుపాకులు సంచరించినవి. రాత్రివేళ తుపాకితో వచ్చినవారు అన్నమడిగిన, పెట్టక తీరదు. పగటివేళ తుపాకితో వచ్చినవారు ఎవరికి అన్నము పెట్టితివని అడిగిన, చెప్పక తీరదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట దాసోహ ధర్మము. అట్టి ధర్మమే నేరమైనచోట గృహస్థు ఏమి చేయవలెను? ఏ లైసెన్సు పత్రమును ఆ ఇంటికి రక్షణ కాజాలదు.

ఈ సంకటమును గుర్తించి కొందరు పెద్దలు 1997లో పౌర స్పందన వేదికగా ఏర్పడిరి. విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్. ఆర్. శంకరన్ దానికి సారథి. పత్రికా సంపాదకులు పొత్తూరి వేంకటేశ్వరరావు, ఆచార్య హరగోపాల్ మున్నగువారు సభ్యులు. శంకరన్ 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు వద్ద పీపుల్స్ వార్ వారిచే అపహరింపబడిన అధికారులలో ఒకరు. తుపాకి నీడలో బందీగా ఉండి వచ్చినవాడు పగ పెంచుకొనవచ్చును, ఆయన పెంచుకొనలేదు. వేదికవారు గ్రామములు తిరిగి బాధితుల మాట వినిరి. ప్రభుత్వమునకును, విప్లవకారులకును లేఖలు వ్రాసిరి. ఎన్‌కౌంటరు హత్యలను తప్పుపట్టిరి. విప్లవకారులు చేసిన హత్యలను కూడ అంతే స్పష్టముగా తప్పుపట్టిరి. ఇందుచే ఉభయపక్షముల నిష్ఠూరమును పొందిరి. ఉభయపక్షములచేతను వినబడిరి కూడ.

2004 జూన్‌లో కాల్పుల విరమణ కలిగెను. జూలైలో గడువు ముగిసిన నిషేధమును ప్రభుత్వము పొడిగింపలేదు. అక్టోబరులో రామకృష్ణ మున్నగు నాయకులు దోర్నాల సమీపమునగల చిన్నారుట్ల వద్ద అడవినుండి వెలుపలికి వచ్చిరి. అక్టోబరు 15 మొదలు 18 వరకు హైదరాబాదులో చర్చలు జరిగినవి. హోంమంత్రి కె. జానారెడ్డి ప్రభుత్వపక్షమున కూర్చుండిరి. భూమి సమస్య చర్చకు వచ్చెను. పౌరహక్కులు చర్చకు వచ్చెను. కాని ముడిపడినది ఆయుధమువద్దనే. ఆయుధములతో గ్రామములలో తిరుగరాదని ప్రభుత్వము. ఆత్మరక్షణకు అవి తప్పవని విప్లవకారులు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు తిరిగి సంభవింపగా మావోయిస్టులు చర్చలనుండి వైదొలగిరి. ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డి హతుడయ్యెను. నిషేధము మరల వచ్చెను.

చేతిలో బలము లేనివారు మధ్యస్థులైనందుననే ఈ యత్నము చెడినదని కొందరందురు. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒడంబడికను అతిక్రమించినవారిని శిక్షించు శక్తి వేదికకు లేకుండెను. అయినను ఒక మాట ఆలోచింపవలెను. శక్తిగలవారు ఉభయులును అన్ని సంవత్సరములు పోరాడి చేయలేని పనిని, ఉభయులను ఒక బల్లచెంత కూర్చుండబెట్టు పనిని, రిక్తహస్తులు చేసిరి. చర్చలు భగ్నమైనది మధ్యస్థుల చేతిలో ఆయుధము లేనందున కాదు. ఇరుపక్షములును ఎదుటివాని ఆయుధమునే చూచి తమ ఆయుధమును చూడనందున.

కల్యాణ కథ కూడ ఈ విషయముననే హెచ్చరించుచున్నది. హల్లయ, మధువయ్యల కన్నులు పెరికించిన బిజ్జలుని జగదేవుడు సహచరులతో వధించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. భక్తులకు జరిగిన క్రూరత్వము ఎంత ఘోరమైనదో, వారి ఆగ్రహము అంత సహజమైనది. కాని ఆ కత్తి కల్యాణమును నిలుపలేదు. శరణులు చెల్లాచెదరైరి. అనుభవ మంటపమునుండి నేటివరకు నిలిచినది కత్తి కాదు, వచనము. దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించెను. వీరశబ్దమునకు పెద్దలు చెప్పిన అర్థమును ఇదియే: శివజీవైక్యమును బోధించు విద్యయందు రమించువాడు వీరుడు. రమించుటకు తుపాకి అక్కరలేదు.

దుర్బలుడు దౌర్జన్యమును సహించి ఊరకుండవలెనని దీని భావము కాదు. సాక్ష్యము చెప్పవచ్చును, నలుగురిని కూర్చవచ్చును, ప్రభుత్వమును నిలదీయవచ్చును. చట్టము కూడ పౌరుని ఆయుధమును అదుపు చేసినంత శ్రద్ధగా అధికారి ఆయుధమును అదుపు చేయవలెను. లేనిచో అది ధర్మము కాక బలవంతుని సౌకర్యమగును. ఊరిలో పొలము గట్టు తగవు వచ్చినను, కుల తగవు వచ్చినను, కర్ర ఇంటనుంచి వచ్చినవాని మాటకే సభలో విలువ యుండును.

మార్కాపురము పలకలకు పేరొందిన ఊరు. నల్లమల చెంతనున్న ఆ ఊరినుండి పలకలు ఎన్ని బడులకో చేరినవి. పలక పట్టిన బిడ్డను చూచి ఎవడును భయపడడు. అక్షరము దిద్దు ఆ చేతికి, తగవు వచ్చినప్పుడు ముందు మాటాడుటకు కూడ నేర్పుట పెద్దల పని. అభయము అక్కడనే ఆరంభమగును.