పొరుగింటి పళ్లెము

పండుగనాడు పొరుగింటినుండి వచ్చిన పళ్లెమును ఏమి చేయవలెను? ప్రశ్న చిన్నదిగా కనిపించును. ఖమ్మము, డోర్నకల్, కొత్తగూడెము మొదలుకొని గోదావరి దాటి భద్రాచలపు అడవుల అంచువరకు గల ఊళ్లలో ఏటేటా డిసెంబరు 25వ తేదీన ఈ ప్రశ్న లింగధారుల గడపవద్దకు వచ్చి నిలుచును. వెదురుబద్దలకు రంగుకాగితము అంటించిన నక్షత్రము పొరుగింటి చూరున వ్రేలాడుచుండును. రాత్రివేళ కీర్తనలు పాడుచు ఇల్లిల్లు తిరిగిన బృందము వెళ్లిపోవును. తెల్లవారి ప్రార్థన ముగించుకొని వచ్చిన ఆ ఇంటి ఇల్లాలు కొత్తబియ్యపు అరిసెలు, కజ్జికాయలు పళ్లెమున పేర్చి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి, పిల్లవానిచేత పంపును.

పళ్లెమును కాదనువారు అరుదు. చిరునవ్వుతోనే అందుకొందురు. కాని అందుకొన్న పిమ్మట కొన్ని ఇండ్లలో అది వంటయింటిలోనికి పోదు. పనివారికో, పెరటిలోని పశువులకో పోవును. పళ్లెము మాత్రము కడిగి తిరిగి పంపబడును. పంపిన ఇల్లాలికి ఈ సంగతి తెలియదనుకొనుట మన అమాయకత్వము. ఆమెకు తెలియును. తెలిసియు మరుసటి ఏడు మరల పంపును.

ఇట్లు చేయువారు తమ నడతకు ఆధారముగా ఒక నియమమును చూపుదురు. ఇష్టలింగమునకు అర్పింపక ఏ పదార్థమును భుజింపరాదు, భవిపాకము అర్పణకు తగదు అని. ఈ నియమము కల్పితము కాదు. పాల్కురికి సోమనాథుడంతటివాడు భవుల పొందును ఎంత కఠినముగా నిరసించెనో బసవపురాణము చదివినవారెరుగుదురు. కావున దీనిని చాదస్తమని త్రోసివేయుట తగదు. ఆ నియమము ఎందుకు పుట్టెనో ఆలోచించుట తగును.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరములో శరణులు భక్తుడు, భవి అను గీతను గీచిరి. ఆ గీత గీయుటకు ముందే సంఘమున మరియొక గీత ఉండెను. అది పుట్టుకను బట్టి గీచినది. శరణుల గీత ఆ పాత గీతను చెరిపివేయుటకై వచ్చినది. లింగము ధరించిన చర్మకారుడు, లింగము ధరించిన బ్రాహ్మణుడు ఒకే పంక్తిని కూర్చుండవలెనన్నచో వారిద్దరిని కలుపు క్రొత్త కొలత ఒకటి కావలసివచ్చెను. అట్టి కొలతగా పుట్టినదే భక్తత్వము. మరి డోర్నకల్ చుట్టుపట్ల క్రైస్తవులలో అధికులు ఏ వాడలనుండి వచ్చినవారో అందరెరిగినదే. మాల మాదిగ వాడలు ఊళ్లకు ఊళ్లుగా ఆ మతమును స్వీకరించుట ఈ ప్రాంత చరిత్రలో ముఖ్యఘట్టము. అట్టివారి పళ్లెమును "భవిపాకము" అని ప్రక్కన పెట్టునపుడు మన నోట పలుకునది శరణుల గీతయా, శరణులు చెరిపిన పాత గీతయా? ఎవరికివారు తమ మనస్సును తరచి చూచుకొనవలసిన విషయమిది.

చూచుకొనుటకు ఒక సులభోపాయము కూడ ఉన్నది. రైలు ప్రయాణములో డోర్నకల్ జంక్షన్‌లో దిగి కొత్తగూడెము బండికై వేచియున్న లింగధారి, ఫలహారశాలలో రెండు ఇడ్లీలు తిని టీ త్రాగును. పిండి రుబ్బినదెవరని అడుగడు. అంగడి జిలేబి పొట్లము కట్టించుకొని ఇంటికి తెచ్చును. దానిని వండినదెవరని ఇంటిలో ఎవరును అడుగరు. వెల ఇచ్చి కొన్న పదార్థమునకు అడ్డురాని నియమము, ప్రేమతో ఊరక పంపిన పదార్థమునకు అడ్డువచ్చుచున్నచో అక్కడ పనిచేయునది నియమము కాదు. నిజముగా స్వహస్తపాకము తప్ప మరేదియు ముట్టని నిష్ఠాపరులు ఉన్నారు. వారికి నమస్కారము. వారి సంగతి వేరు.

మాంసము మాట ఎత్తువారును కలరు. పండుగనాడు ఆ ఇంట మాంసము వండుదురు గదా అని. ఇది న్యాయమైన సంకోచమే. అయితే పొరుగువారు ఈ సంకోచమును మనకంటె ముందే గుర్తించిరి. అందుకే పంపునది అరిసెలు, పండ్లు. కొందరు ఇంకను జాగ్రత్తపడి బియ్యము, బెల్లము, పప్పు, కూరగాయలు విడిగా స్వయంపాకముగా ఇత్తురు. అతిథి నియమమును ఆతిథేయుడు ఇంతగా పాటించుట గొప్ప మర్యాద. కాని మర్యాద పాటించువాడు ఒక్కడే ఎల్లకాలము తగ్గి ఉండవలెనా?

బసవపురాణములోని ఆతిథ్యకథలనగానే చిరుతొండనంబి కథ తలచుకొనుట పరిపాటి. అది గుండెలు పిండు కథ. కాని ఇచ్చువాని త్యాగమెంతటిదో చెప్పు కథ అది. పొరుగింటి పళ్లెమునకు దగ్గరగా ఉన్నది మాదార చెన్నయ్య కథ. కరికాలచోళుడు నిత్యము షడ్రసోపేతముగా శివునికి నైవేద్యము పెట్టుచుండెను. శివుడు ఆరగించుచుండెను. ఒకనాడు పళ్లెరము ఎట్లు పెట్టినది అట్లే ఉండెను. రాజు తలకోసికొన సిద్ధపడగా, చెన్నయ్య ఇంట అంబలి త్రాగి వచ్చితినని శివుడు సెలవిచ్చెను. ఆ చెన్నయ్య రాజుగారి పశుశాలకు గడ్డి కోసితెచ్చు మాదిగ. ఇందు చెన్నయ్య భక్తి గొప్పదే. అయితే అంతకంటె ఆశ్చర్యము పుచ్చుకొన్నవాని తీరు. అంబలిని పుచ్చుకొనుటయేకాక, రాజు ఎదుట ఆ మాటను దాచక చెప్పెను. చాటున తిని, బయట తినలేదను అలవాటు ఆ దైవమునకు లేదు.

మనవారు దాసోహమును గూర్చి గర్వముగా చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. మఠములలో జాతరనాడు, శివరాత్రినాడు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుదురు. కాని దాసోహమునకు, దానమునకు భేదమున్నది. దానమున ఇచ్చువాని చేయి పైన ఉండును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తాను పెట్టునదియే గాని పొరుగువానివద్ద ఏమియు పుచ్చుకొనని ఇల్లు ఎంత పెట్టినను పైచేయిగనే మిగులును. అది దాసోహమని పేరు పెట్టుకొన్న దానము.

ఈ సంగతిని క్రైస్తవులలోనే ఒకరు తమ పెద్దల ముఖముననే చెప్పిరి. తమిళదేశమున 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్‌ను తన కార్యస్థానముగా చేసికొనెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడుచు, పాశ్చాత్య బోధకులు ఎన్నో త్యాగములు చేసిరనుట నిజమే, కాని మాకు కావలసినది ప్రేమ, స్నేహితులు కావలెను అని కోరెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. ఇచ్చుటకు ఎరిగినవారు సమానముగా కూర్చుండుట ఎరుగలేదన్నదే ఆయన వేదన. 1912 డిసెంబరు 29న ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనయే. అక్కడ ఆయన కట్టించిన పెద్ద గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దేవాలయ స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక ఆ కట్టడమున కలిసియున్నవి. మనసున్నవాడు ఎవరి పనితనమునుండి అయినను పుచ్చుకొనునని ఆ రాళ్లను చూచిన తెలియును.

ఆ గుడి ఎపిఫనీ పండుగ పేర వెలసినది. మత్తయి సువార్తలోని పూర్వదేశపు జ్ఞానులు శిశువును చూడవచ్చిన దినమది. అన్యదేశస్థులు, అన్యమార్గస్థులు కానుకలు తెచ్చి పెట్టిరి. వారు ఎవరి దేవుని కొలుచువారని ఆ తల్లి అడిగినట్లు కథలో లేదు. లూకా చెప్పిన కథలో ఆ తల్లికే సత్రములో చోటు దొరకక బిడ్డను పశువుల తొట్టిలో పరుండబెట్టవలసివచ్చెను. చోటు దొరకనివారి ఇంటికి పండుగ వచ్చినప్పుడు వారు పళ్లెములు పంచుట సహజమే గదా.

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెమువద్ద కూడ ఇట్టి పాఠమే కనిపించును. 1860 ప్రాంతమున గోదావరి నౌకాయాన నిర్మాణముల పనిమీద వచ్చిన ఇంజనీరు హేగ్ అక్కడి కోయల నడుమ క్రైస్తవ బోధకు పునాది వేసెను. బోధింపవచ్చినవారు ఎవరైనను అడవిలో మొదట పరాయివారే. నీరెక్కడ దొరకునో, రేవెక్కడ లోతో కోయవాడు చెప్పినగాని తెలియదు.

డిసెంబరు, జనవరి నెలలలోనే భద్రాచలమున ముక్కోటి వచ్చును. హంసవాహనముపై రామయ్య తెప్పోత్సవము చూచుటకు యాత్రికులు ఊళ్లకు ఊళ్లు కదలుదురు. ఆ రద్దీలో అడవిదారిన నడచిన ముసలివారికి ఎవరి అరుగు దొరికిన ఆ అరుగుపై నడుము వాల్చవలసినదే.

తెలుగు ఇండ్లలో ఒక వాడుక ఉన్నది. పొరుగింటి గిన్నెను వట్టిగా తిరిగి పంపరు. నాలుగు గింజలైనను వేసి పంపుదురు. పండుగ మరునాడు ఏ లింగధారి ఇంటనైన ఇల్లాలు ఆ అరిసెలలో ఒకదానిని ఇష్టలింగమునకు అర్పించి, ప్రసాదముగా పిల్లలకు పంచి, కడిగిన పళ్లెములో తన చేతి నువ్వులుండలు పెట్టి, పంపుట కాక తానే తీసికొని పోయి, ఆ ఇంటి అరుగుపై కాసేపు కూర్చుండినచో ఏ ఆచారమునకు లోపము వచ్చును? పెద్దలు, మఠాధిపతులు దీనిని విచారించి చెప్పవలెను. విచారించునంతలో మరియొక డిసెంబరు వచ్చును, పళ్లెమును వచ్చును.