“కట్టించాడు” అనే మాట గురించి

భవానీపురానికి దిగువన కృష్ణ మీద ఉన్న బ్యారేజీని ఎవరు కట్టారని క్లాసులో అడిగాను. పాత ఆనకట్టను కాటన్ కట్టించాడనీ, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీని ప్రభుత్వం కట్టించిందనీ విద్యార్థులు చెప్పారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నా దృష్టి ఆ ప్రేరణార్థకం మీద పడింది. “కట్టించాడు” అనడంలో మన భాషకు కొంత నిజాయితీ ఉంది. కాటన్ స్వయంగా కట్టలేదని ఒప్పుకుంటుంది. చిక్కేమిటంటే, ఒప్పుకున్న తర్వాత కట్టినవారెవరని అడగదు.

శ్రామికుల పక్షాన ఆ ప్రశ్న మనం ఎప్పుడో వేశాం. కాని మన ఊహలోని శ్రామికుడు మగవాడే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట. ఆ పనిలో నెత్తిన బరువులు మోసినవారిలో ఆడవాళ్లు ఎందరో. ఇక చదువుకుని, నమూనాలు గీసి, లెక్కలు కట్టిన స్త్రీల సంగతి మనకు తోచనే తోచదు.

మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఎ. లలిత పద్దెనిమిదో ఏట భర్తను పోగొట్టుకుని చంటిబిడ్డతో మిగిలింది. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి 1943లో విద్యుత్ ఇంజనీరుగా పట్టా పుచ్చుకుంది. ఆ పట్టాలో అచ్చయి ఉన్న “అతడు” అనే మాటను కొట్టేసి “ఆమె” అని మార్చవలసి వచ్చింది! తర్వాత కలకత్తాలో ఒక కంపెనీలో చేరి భాక్రానంగల్ జనరేటర్ల పనిలో పాల్గొంది. భాక్రా అనగానే నెహ్రూ పేరు చెప్పే మా విద్యార్థులలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు. ఈ మధ్యదాకా నాకూ తెలియదు.

లలిత ఆర్కిటెక్టు కాదు గదా అంటారేమో. ఆర్కిటెక్టుల కథ చండీగఢ్‌లో చూడవచ్చు. అది కార్బూజియే నగరంగానే ప్రసిద్ధం. ఊర్మిళా యూలీ చౌధురి 1951 నుంచి అక్కడ పనిచేసింది. 1970లలో ఆ నగరానికే ముఖ్య ఆర్కిటెక్టు అయింది. ఆ ఊరి ఆఫీసుల కుర్చీలు విదేశాలలో కార్బూజియే బంధువు జాన్నరే పేరు మీద వేలంలో అమ్ముడవుతున్నాయి. ఆ సామాను రూపకల్పనలో ఆమె చేయి కూడా ఉంది. అమెరికాలోనూ ఇదే తంతు: 1991లో ప్రిట్జ్‌కర్ బహుమతి వెంచూరి ఒక్కడికే ఇచ్చారు. ఆయనతో కలిసి పనిచేసిన భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్‌ను కూడా చేర్చమని 2013లో వేలమంది కోరినా ఒప్పుకోలేదు.

మన మిత్రులు కొందరు అంటారు: నిర్మాణం సమష్టి శ్రమ, వ్యక్తి పేరు బూర్జువా మోజు, దాన్ని స్త్రీలకు కూడా అంటించడమెందుకు? మాట వినడానికి బాగుంది. కాని సమష్టి పేరు చెప్పి మగవాళ్ల పేర్లు ఏమన్నా చెరిపామా? కార్బూజియే కార్బూజియేగానే ఉన్నాడు, చౌధురి మాత్రం సమష్టిలో కలిసిపోయింది. అందరి పేర్లూ తీసేసే రోజు వస్తే నాకు అభ్యంతరం లేదు, అందాకా వెతకవలసిందే. అయితే పట్టా ఉన్న స్త్రీ పేరు దొరికింది గదా అని తట్ట మోసిన స్త్రీని మరిచిపోయే ప్రమాదమూ ఉంది.

నా సంగతీ చెప్పాలి. భవానీపురంలో నేను ఇల్లు కట్టించాను. వంటింట్లో పొగ పోయే దారీ, అలమరల ఎత్తూ నా భార్య చెప్పిన మీదట మారాయి. మేస్త్రీ ఆమె మాట విని, కూలీలతో “అయ్యగారు ఇలా మార్చమన్నారు” అన్నాడు. నేను సరిదిద్దలేదు. మొన్న ఈ వ్యాసం రాస్తూ, తట్టలు మోసిన ఇద్దరి పేర్లేమిటో చూద్దామని పాత జమాఖర్చుల పుస్తకం తీశాను. మేస్త్రీ పేరుంది. దాని కింద “ఆడకూలీలు 2” అని ఉంది. దస్తూరీ నాదే.